ఎగరకపోయినా చూడాల్సింది చాలా ఉంది: హంప్‌బ్యాక్ తిమింగలాల పరిచయం

బోస్టన్‌లో, మాంటెరీలో, మావీలో, సిడ్నీలో తిమింగలాలను చూపించడానికి పడవలు బయల్దేరతాయి. మన తెలుగువాళ్లు కూడా బాగానే ఎక్కుతారు. ఎక్కినవాళ్లలో చాలామంది ఒక్కదానికోసమే ఎదురుచూస్తారు: అది నీళ్లలోంచి ఎగరాలి, ఫోన్‌లో పడాలి. ఎగరలేదంటే డబ్బులు దండగ అనుకుంటూ దిగిపోతారు. ఆ మూడు గంటల్లో ఆ జంతువు ఏం చేసిందో, ఎందుకు చేసిందో నీటిమీద రాసి ఉంచినట్టే ఉంటుంది. ఆ రాత చదవడం వస్తే ఎగురుడు ఒక కొసరు మాత్రమే. ఈ పోస్టు ఆ రాత గురించే.

ముందు ఒళ్లు చూద్దాం. నీలి తిమింగలం పక్కన హంప్‌బ్యాక్ సగమే. అయినా ఎదిగినది 13 నుంచి 16 మీటర్లు, మన ఆర్టీసీ బస్సుకన్నా పొడవు. బరువు 25 నుంచి 30 టన్నులు, కొన్ని 40 దాకా పోతాయి. మగదానికంటే ఆడదే మీటరు, మీటరున్నర పెద్దది. దీని ప్రత్యేకత పక్క రెక్కలు. ఒంటి పొడవులో మూడో వంతు, అంటే దాదాపు 5 మీటర్లు. ఏ తిమింగలానికీ ఇంత పొడుగు చేతులు లేవు. శాస్త్రీయ నామం మెగాప్టెరా నోవాయాంగ్లియే. 'పెద్ద రెక్కలది, న్యూ ఇంగ్లండ్‌ది' అని అర్థం. హంప్‌బ్యాక్ అన్న పేరు మాత్రం మునిగే తీరునుబట్టి వచ్చింది. లోతుకు పోయేముందు వీపును విల్లులా వంచుతుంది. అప్పుడు చిన్న వీపు రెక్క ముందున్న గడ్డ ఎద్దు మూపురంలా పైకి లేస్తుంది.

రెక్కల ముందంచు నున్నగా ఉండదు, వరసగా బొడిపెలుంటాయి. అవి లోపం కాదు. నునుపైన రెక్కను ఎక్కువ వాలుగా తిప్పితే నీరు దాని ఉపరితలాన్ని వదిలేస్తుంది, రెక్క పట్టు కోల్పోతుంది. బొడిపెల మధ్యనుంచి జారే నీరు సుడులు తిరుగుతూ రెక్కను అంటిపెట్టుకునే ఉంటుంది. అందుకే ఇంత భారీ జంతువు అంత ఇరుకు మలుపు తిరగగలుగుతుంది. ఇదే ఆకారాన్ని గాలిమర రెక్కలమీద, ఫ్యాన్ల మీద ప్రయోగించి చూశారు. తలమీద ఉండే బొడిపెలు వేరే. ఒక్కో దానిలో ఒక్కో వెంట్రుక ఉంటుంది, మూలంలో నరాలుంటాయి. నీటి కదలికను పసిగట్టడానికి అవి పనికొస్తాయని భావిస్తారు.

తిమింగిలం అంటే 'తిమి' అనే మహామత్స్యాన్ని మింగేది అని సంస్కృతార్థం. హంప్‌బ్యాక్‌కి ఈ పేరు బొత్తిగా నప్పదు. దీనికి పళ్లే లేవు. పైదవడకు రెండు పక్కలా 270 నుంచి 400 దాకా, మేతను వడగట్టే బెలీన్ పలకలు వేలాడుతుంటాయి. మన గోళ్లు, వెంట్రుకలు దేనితో తయారవుతాయో ఇవీ ఆ కెరటిన్‌తోనే. గొంతు సన్నం కాబట్టి క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న ప్రాణులు, హెరింగ్, నెత్తళ్లు, కవ్వల వంటి చిన్న చేపలే దిగుతాయి. 2021లో అమెరికాలోని కేప్ కాడ్ దగ్గర లాబ్‌స్టర్లు పట్టే డైవర్ ఒకాయన పొరపాటున హంప్‌బ్యాక్ నోట్లోకి వెళ్లాడు. అర నిమిషంలో అదే బయటికి ఉమ్మేసింది. దానికి అతన్ని మింగే వీలే లేదు.

నీటిమీద మొదట కనిపించేది

ఊపిరి. పిల్లల బొమ్మల్లో ఫౌంటెన్‌లా గీస్తారు గానీ అది నీళ్లు కాదు. ఊపిరితిత్తుల్లోని గాలిని ఒక్కసారిగా వదిలితే, ఆ ఊపుకు తుంపరలూ ఆవిరీ కలిసి మబ్బులా లేస్తాయి. నీలి తిమింగలానిది 9, 10 మీటర్ల ఎత్తున సన్నటి స్తంభం. హంప్‌బ్యాక్‌ది 3 మీటర్ల గుబురు పొద. ఎండ వెనకనుంచి పడితే కిలోమీటర్ల దూరం నుంచి కూడా తెలుస్తుంది.

కనిపించగానే లెక్కపెట్టండి. మేత మేసే చోట మామూలుగా 15 నుంచి 30 సెకన్లకొక ఊపిరి చొప్పున మూడు నుంచి ఆరు తీసుకుంటుంది. వీపు కొద్దిగా వంగి మామూలుగా జారిందంటే మళ్లీ దగ్గర్లోనే తేలుతుంది. మూపురం బాగా పైకి లేచి, దాని వెనక తోక నిలువుగా లేచిందంటే లోతుకు పోతోంది. ఇక 5 నుంచి 10 నిమిషాలు కనిపించదు. అది మునిగినచోట నీరు పలకలా నునుపుగా గుండ్రటి మచ్చ కడుతుంది. పడవవాళ్లు దాన్ని ఫుట్‌ప్రింట్ అంటారు. తోక కిందనుంచి నెట్టిన నీరు పైకి వచ్చి అలలను అణిచేయడంవల్ల అలా అవుతుంది. వరసగా రెండు మూడు మచ్చలు కనిపిస్తే వాటిని కలిపే గీతే దాని దారి. కెప్టెన్ చూపు ఎప్పుడూ ఆ దిక్కునే ఉంటుంది, మీ చూపూ అక్కడే ఉండాలి. పడవ పక్కనే నీటి అడుగున లేత పచ్చగా ఏదైనా మెరిస్తే అది పక్క రెక్క. అట్లాంటిక్ జీవులకు రెక్కల పైవైపు కూడా తెలుపే. పసిఫిక్‌లో చాలావాటికి పైన నలుపు, కింద తెలుపు.

బుడగల వల

జంతు ప్రపంచంలో ఇంత తెలివైన వేట అరుదు. అలాస్కా ఆగ్నేయ తీరంలో హెరింగ్ చేపల మీద దీన్ని ప్రయోగించే గుంపులు ప్రసిద్ధి. హెరింగ్ గుంపు చెదిరిపోయి ఉంటే తిమింగలానికి గిట్టుబాటు కాదు. ఒక్కో చేపనూ వెంటాడితే ఖర్చయిన శక్తి కూడా తిరిగి రాదు. అందుకని ముందు వాటిని ముద్ద చేయాలి.

గుంపులో ఒకటి చేపల కిందికి దిగి, ఊపిరి రంధ్రాలనుంచి గాలి వదులుతూ చుట్టలు తిరుగుతూ పైకి వస్తుంది. బుడగలు గోడ కడతాయి. హెరింగ్ బుడగల తెరను దాటదు. మరొకటి కిందినుంచి బాకా ఊదినట్టు బిగ్గరగా కూస్తుంది. ఆ కూతకు చేపలు బెదిరి పైకి, లోపలికి నొక్కుకుంటాయి. మిగతావి తెల్లటి రెక్కల అడుగుభాగాన్ని చూపిస్తూ పక్కలు కాస్తాయి. వల చుట్టుకొలత బిగుసుకుంటుంది. చివర్లో అన్నీ ఒకేసారి నోళ్లు తెరిచి నిలువుగా పైకి దూసుకొస్తాయి. గడ్డం నుంచి బొడ్డుదాకా ఉన్న మడతలు విచ్చుకుని గొంతు బెలూన్‌లా ఉబ్బుతుంది. నోరు మూసి, నీటిని బెలీన్ సందుల్లోంచి వడగట్టి, మిగిలినదాన్ని మింగుతాయి.

పడవ మీదనుంచి దీన్ని ముందే పట్టవచ్చు. గుంపంతా కొద్ది సెకన్ల తేడాతో తోకలెత్తి మునుగుతుంది. పైన గల్ పక్షులు తిరుగుతుంటాయి. అవి ఒక్కసారిగా ఒకచోటికి మళ్లాయంటే వల అక్కడుంది. తర్వాత నీటిమీద బుడగల వలయం తేలుతుంది. అది పూర్తయ్యేలోపు కెమెరా దాని మధ్యకు గురిపెట్టాలి. వలయం కనిపించాక వెతుక్కుంటే ఆలస్యం. వేట తప్పిపోవడమూ ఉంటుంది. వలయంలో సందు మిగిలితే, లేదా అందరూ ఒకే క్షణాన లేవకపోతే, చేపలు జారిపోతాయి. నోరు తెరిచి దూసుకురావడమే చాలా శక్తి తినే పని, కాబట్టి తప్పిన ప్రతి వేటా నష్టమే.

ఈ విద్య పుట్టుకతో వచ్చేది కాదు, చూసి నేర్చుకునేది. గట్టి రుజువు అమెరికా తూర్పు తీరంలోని గల్ఫ్ ఆఫ్ మెయిన్‌లో ఉంది. 1980లో అక్కడ ఒక తిమింగలం బుడగలు వదిలేముందు తోకతో నీటిని చాచి కొట్టడం మొదటిసారి చూశారు. హెరింగ్ తగ్గిపోయి శాండ్ లాన్స్ అనే చేప పెరిగిన కాలం అది. 2007 నాటికి అక్కడి తిమింగలాల్లో మూడో వంతుకు పైగా ఆ పద్ధతి వాడుతున్నాయి. ఎవరితో ఎక్కువ తిరిగితే వారినుంచే నేర్చాయని 2013లో ప్రచురించిన విశ్లేషణ తేల్చింది. వాంకూవర్ దీవి దగ్గర 2011లో ఇంకోటి మొదలైంది. చేపలు పలచగా ఉంటే తిమింగలం నోరు తెరుచుకుని నీటిమట్టానికి కదలకుండా నిలబడుతుంది. పక్షుల భయానికి చేపలు ఆ నోటినే దాక్కునే చోటు అనుకుని దూరతాయి. ఒక్కో ఊరికి ఒక్కో వంట ఉన్నట్టు, ఒక్కో తీరానికి ఒక్కో వేట.

పాట

పాడేది మగదే. ఎక్కువగా సంతానోత్పత్తి జరిగే వెచ్చని నీళ్లలో, తల కిందికి పెట్టి కదలకుండా వేలాడుతూ పాడుతుంది. విడి ధ్వనులు కలిసి ఒక వాక్యం, అదే వాక్యం తిరిగి తిరిగి వచ్చి ఒక అంశం, అంశాలు నిర్ణీత వరసలో వచ్చి ఒక పాట. ఒక పాట 10 నుంచి 20 నిమిషాలు. అది గంటల తరబడి మళ్లీ మొదటినుంచి సాగుతుంది. ఈ నిర్మాణాన్ని పరిశోధకులు రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే 1971లో సైన్స్ పత్రికలో వివరించారు. అంతకు ముందు ఏడాదే ఆ పాటల రికార్డు మార్కెట్లోకి వచ్చింది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలు మోసుకెళ్లిన బంగారు రికార్డులోనూ హంప్‌బ్యాక్ గొంతు ఉంది.

ఒక ప్రాంతంలోని మగవన్నీ ఒకే పాట పాడతాయి. ఆ పాట ఏటా కొద్దికొద్దిగా మారుతుంది, మారినదాన్నే అన్నీ అందుకుంటాయి. కొన్నిసార్లు పాత పాట పూర్తిగా పోయి పరాయి పాట వస్తుంది. ఆస్ట్రేలియా పడమటి తీరపు పాట 1990ల చివర్లో రెండేళ్లలో తూర్పు తీరమంతటా పాకింది. తూర్పు తీరపు పాటలు అక్కడినుంచి దీవి తర్వాత దీవిగా ఫ్రెంచ్ పాలినేషియా దాకా వెళ్లాయి. మనుషుల్ని మినహాయిస్తే ఇంత దూరం, ఇంత వేగంగా పాకే సంస్కృతి మరో జీవిలో పెద్దగా తెలియదు.

గాలి బయటికి వదలకుండానే ఇదంతా ఎలా పాడుతుంది? 2024లో నేచర్ పత్రికలో సమాధానం వచ్చింది. స్వరపేటికలో యు ఆకారపు కణజాలం ఒక కొవ్వు మెత్తకు ఆనుకుని కంపిస్తుంది, గాలి లోపలే అటూ ఇటూ తిరుగుతుంది. అదే అధ్యయనం ఇంకో మాట చెప్పింది. ఈ ధ్వనుల శ్రుతి (ఫ్రీక్వెన్సీ) సరిగ్గా ఓడల ఇంజిన్ల మోత శ్రుతిలోనే ఉంది. ఆ మోతను మించి పాడే వీలు శరీర నిర్మాణంలోనే లేదు. అది చదివినప్పుడు నాకు చాలా బాధ కలిగింది.

పోటీలు, గంతులు, తల్లీబిడ్డలు

హవాయిలోనో టోంగాలోనో మీరు చూసేది వేట కాదు. అక్కడ పెద్దవి దాదాపు ఏమీ తినవు, వేసవిలో దాచుకున్న కొవ్వుతోనే నెట్టుకొస్తాయి. అక్కడి దృశ్యం పోటీ. ముందు ఒక ఆడది, దాని పక్కనే ప్రధాన మగ, వెనక తరుముకొచ్చే మిగతా మగవి. గంటల తరబడి పరుగు. బుడగల తెరలు వదలడం, ఉబ్బిన గొంతుతో గుద్దడం, తోకతో కొట్టడం, ఒకదాని మీద ఒకటి పడడం. ఒరిపిడికి వీపులమీద తోలు లేచి రక్తం కనబడుతుంది. పిల్లలకు ముద్దులాటలా కనిపించవచ్చు, అది కుమ్ములాట.

ఇక గంతు. ఒళ్లంతా బయటికి రావాలంటే సెకనుకు 8 మీటర్ల దాకా వేగం కావాలి. ఎందుకు ఎగురుతాయన్నదానికి ఒకే జవాబు లేదు గానీ, తూర్పు ఆస్ట్రేలియాలో చేసిన పరిశీలనల్లో ఒకటి బాగా తేలింది. గాలి పెరిగి సముద్రం హోరెత్తినప్పుడు నోటి కూతలకంటే ఒంటి చప్పుళ్లు ఎక్కువవుతాయి. ఇంకో గుంపు దూరంగా ఉంటే గంతులు, గుంపులు కలిసేటప్పుడో విడిపోయేటప్పుడో రెక్కలతో, తోకతో చరచడం. కాబట్టి గాలి రోజున ఆశ పెట్టుకోవచ్చు. ఒకసారి ఎగిరినది తరచుగా మళ్లీ ఎగురుతుంది, మొదటిది తప్పిపోతే కెమెరా దించకండి.

గర్భం 11 నెలలకు పైగా. పుట్టినప్పుడే పిల్ల 4 మీటర్లకు మించి ఉంటుంది. రెండు మూడేళ్లకొక కాన్పు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మౌత్ గల్ఫ్‌లో తల్లులకూ పిల్లలకూ రికార్డర్లు అంటించి విన్నారు. అవి గుసగుసలాడుకుంటాయి. బిగ్గరగా పలికితే వాటిని వేటాడే ఓర్కాలకు (కిల్లర్ వేల్స్) జాడ తెలుస్తుంది. అలాంటి ఓర్కాల మీదికే పెద్ద హంప్‌బ్యాక్‌లు ఎదురుతిరగడమూ ఉంది. ఓర్కాలు వేటాడుతున్న సీళ్లకు, ఇతర తిమింగలాల పిల్లలకు అడ్డుపడిన సందర్భాలతో సహా 115 ఘటనలను 2016లో ఒక వ్యాసం క్రోడీకరించింది.

ఎన్ని చంపాం, ఎన్ని మిగిలాయి

తీరానికి దగ్గరగా, నెమ్మదిగా ఈదుతుంది గనక వేటగాళ్లకు సులువుగా దొరికేది. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణార్ధగోళంలోనే 2 లక్షలకు పైగా చంపారు. అక్కడ 1963లో నిషేధం వచ్చింది, ఉత్తర పసిఫిక్‌లో 1966లో. సోవియట్ నౌకలు నిషేధాన్ని లెక్కచేయలేదు. దక్షిణార్ధగోళంలో 48,000కు పైగా చంపి, 2,710 అని లెక్క రాశాయి. ఆ నౌకల్లో పనిచేసిన జీవశాస్త్రవేత్తలు అసలు లెక్కలను దాచి ఉంచబట్టే 1990ల్లో నిజం బయటపడింది.

వదిలేశాక అవి తిరిగి పెరిగిన తీరు అద్భుతం. 2008లో ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సమాఖ్య ఐయూసీఎన్ ఈ జాతిని పెద్దగా ప్రమాదం లేనివాటి జాబితాలో చేర్చింది. అయితే 2014–16లో పసిఫిక్ వేడెక్కి మేత తగ్గడంతో, ఉత్తర పసిఫిక్‌లో 2012లో సుమారు 33,500 ఉన్నవి 2021కి సుమారు 26,700కు పడిపోయాయి.

అరేబియా సముద్రంలో ఉన్నవి

మనకు సొంతమైన కథ ఇది. ప్రపంచంలో మిగతా హంప్‌బ్యాక్‌లన్నీ ధ్రువాల దగ్గర మేసి, ఉష్ణమండలంలో కని, ఏటా వేల కిలోమీటర్లు తిరుగుతాయి. అరేబియా సముద్రపువి ఎక్కడికీ పోవు. వాటి మేత వాటి దగ్గరికే వస్తుంది. మనకు వానలు తెచ్చే నైరుతి రుతుపవనాలే అందుకు కారణం. ఆ గాలులు ఒమాన్ తీరంనుంచి పైనీటిని నెట్టేస్తే, అడుగునుంచి చల్లటి, పోషకాలున్న నీరు పైకి ఉబుకుతుంది. నీటిలో తేలే సూక్ష్మజీవులైన ప్లాంక్టన్, దాని వెనక క్రిల్, కవ్వలు పెరుగుతాయి. జన్యువులను బట్టి చూస్తే ఈ గుంపు సుమారు 70,000 ఏళ్లుగా వేరుగా బతుకుతోంది. సోవియట్ నౌకలు 1965–66లో వీటిలో 242ను చంపాయి, దాదాపు అన్నీ 1966 నవంబరులోనే. చంపినవాటి కడుపులోని పిండాల పొడవును కొలిస్తేనే, ఇవి దక్షిణార్ధగోళం కాలానికి కాక ఉత్తరార్ధగోళం కాలానికి కంటాయని తేలింది. ఇప్పుడు ఒమాన్ దగ్గర వేసిన అంచనా 100లోపే.

2017లో ఒమాన్‌లోని మసీరా గల్ఫ్‌లో లుబాన్ అనే ఆడదానికి ఉపగ్రహ పరికరం అమర్చారు. లుబాన్ అంటే అరబ్బీలో సాంబ్రాణి. దాని తోకమీద మచ్చ ఆ చెట్టులా ఉంటుంది. అది సముద్రాన్ని అడ్డంగా దాటి డిసెంబరులో గోవా దగ్గరికి వచ్చి, దక్షిణానికి దిగి, తిరిగి ఒమాన్ చేరింది. కేరళ తీరంలో నీటి అడుగున మైకులు పెట్టినప్పుడు వీటి పాటలు వినపడ్డాయి.

వీటిని ఎక్కువగా చంపేది వలలు. ఒమాన్‌లో ఫోటోలు తీసినవాటిలో 30 నుంచి 40 శాతం వాటికి తాళ్ల మచ్చలున్నాయి. వల చుట్టుకున్న తిమింగలం వెంటనే చావదు. నెలల తరబడి ఈడ్చుకుంటూ తిరుగుతుంది, తాడు కోసుకుపోతుంది, తిండి తినలేక చిక్కిపోతుంది. చూసినవాళ్లు జాలిపడి వేలాడే తాడును కోస్తారు. చేయకూడని పని అదే. పట్టుకోవడానికి ఆ తాడే ఆధారం. అది పోతే ఒంటికి బిగిసినది అలాగే ఉండిపోతుంది. 1984లో ఐబిస్ అనే హంప్‌బ్యాక్‌ను విడిపించినప్పుడు మాసచూసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్ బృందం వాడిన పద్ధతే ఇప్పటికీ సరైనది. వేలాడే తాడుకు పెద్ద తేలుడు బుంగలు కట్టి, తిమింగలం అలసి నెమ్మదించాక, పొడుగు కర్రకు బిగించిన కొక్కెపు కత్తితో పడవ మీదనుంచే కోయాలి. నీళ్లలోకి దిగకూడదు, ఒక్క తోక విసురు చాలు ప్రాణం తీయడానికి. మన తీరంలో కనిపిస్తే దూరంగా ఉండి, జీపీఎస్ గుర్తు రాసుకుని, వీడియో తీసి, అటవీ శాఖకు, కోస్ట్ గార్డ్‌కు తెలపాలి.

వెళ్లేవాళ్లకు

ఎక్కడికి వెళ్తున్నారో దాన్నిబట్టే ఏం కనిపిస్తుందో తేలిపోతుంది. బోస్టన్ దగ్గర స్టెల్‌వాగన్ బ్యాంక్ (ఏప్రిల్–అక్టోబరు), కాలిఫోర్నియాలోని మాంటెరీ (ఏప్రిల్–నవంబరు), అలాస్కాలోని జూనో (మే–సెప్టెంబరు) మేత చోట్లు. న్యూజెర్సీ, న్యూయార్క్ తీరాల్లోనూ వేసవిలో మెన్‌హేడెన్ చేపల వెంట వస్తున్నాయి. హవాయిలోని మావీ (డిసెంబరు–ఏప్రిల్) పోటీలకూ పిల్లలకూ. సిడ్నీలో జూన్, జులైల్లో ఉత్తరానికి పోయేవి కనిపిస్తాయి, సెప్టెంబరునుంచి నవంబరుదాకా పిల్లలతో తిరిగొచ్చేవి. ఆస్ట్రేలియాలోనే ఉన్న హెర్వీ బేలో జులై చివరినుంచి అక్టోబరుదాకా తల్లీపిల్లలు ఆగి సేదతీరతాయి.

వికారం తగ్గించే మాత్ర పడవ కదిలాక వేసుకుంటే పనిచేయదు, గంట ముందే వేసుకోవాలి. వేసవి అయినా గాలికి స్వెట్టర్ ఉండాలి. హవాయి, అలాస్కాల్లో 100 గజాల లోపలికి పోకూడదు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో పడవలకు 100 మీటర్లు, పిల్ల ఉంటే 300. దీన్ని పాటించని పడవ మీకు దగ్గరి ఫోటో ఇవ్వవచ్చు గానీ తల్లి పాలివ్వడం ఆపి పారిపోతుంది.

ఫోటో తీస్తే తోక అడుగుభాగం తీయండి. ఆ నలుపు తెలుపుల అమరిక, వెనక అంచు గరుకులు మన వేలిముద్రలంత ప్రత్యేకం. తిమింగలం వెనకవైపు నుంచి, షట్టర్ సెకనులో 1/1000 గానీ ఇంకా వేగంగా గానీ పెట్టి, మూపురం లేచిన క్షణంనుంచే వరసగా నొక్కాలి. తోక నిలువుగా నిలిచేది రెండు మూడు సెకన్లే. తేదీ, స్థలం రాసి హ్యాపీవేల్ వెబ్‌సైట్‌లో పెడితే, అంతకుముందు ఎవరైనా ఎక్కడైనా తీసిన తోకలతో కంప్యూటర్ పోల్చి చూస్తుంది. 2013లో, 2017లో కొలంబియా తీరంలో కనిపించిన ఒక మగ తిమింగలం 2022లో జాంజిబార్ దగ్గర తేలిందని ఇలాగే తెలిసింది. ఆ రెండు చోట్ల మధ్య కనీస దూరం 13,046 కిలోమీటర్లు.